ఇంజన్‌కు కుంపటి

తెలుగువాళ్లకు సూరత్ అంటే చీరలు, వజ్రాలు. పొట్ట చేతపట్టుకుని వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలకైతే మరమగ్గాల చప్పుడు. నగరం పొలిమేర దాటాక మొదలయ్యే సూరత్ వేరు. బార్డోలీ, కామ్రేజ్, ఓల్పాడ్, మాండ్వీ తాలూకాల్లో కాలువ నీరు పారిన మేరకు చెరకే చెరకు. 1928లో సర్దార్ పటేల్ శిస్తు నిరాకరణ ఉద్యమం నడిపిన బార్డోలీలోనే 1950ల్లో సహకార చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లూ అదే బాట పట్టాయి. ఇక్కడ కోత, రవాణా ఏర్పాట్లు చాలావరకు ఫ్యాక్టరీలే చూసుకుంటాయి. డాంగ్ నుంచి, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల నుంచి వచ్చే కూలీలు చీకటితోనే తోటలో దిగుతారు. వాళ్లు నరికిన గడ ఎంత త్వరగా గానుగకు చేరితే అంత మేలు. ఆలస్యమయ్యే కొద్దీ బరువు తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది.

ఇదంతా సజావుగా సాగాలంటే తెల్లవారుజామున ట్రాక్టర్ స్టార్ట్ కావాలి. కొత్తదైతే చిక్కు లేదు. పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు పైబడిన బండ్లతోనే తంటా. మహీంద్రా బి-275లు, మాసీ ఫెర్గూసన్ 1035లు, హెచ్‌ఎంటీలు, వడోదరాలో తయారైన హిందుస్తాన్‌లు జనవరి పొద్దున మొరాయిస్తాయి. సెల్ఫ్ కొడితే గరగరమంటాయి, తెల్లటి పొగ వదులుతాయి, ఊరుకుంటాయి. దీనికి పల్లెల్లో మూడు నాటు వైద్యాలున్నాయి. మొదటిది, కాచిన నీళ్లు తెచ్చి రేడియేటర్‌లో పోయడం. రెండోది, డీజిల్‌లో ముంచిన గుడ్డను అంటించి గాలి పీల్చే గొట్టం దగ్గర పట్టడం. మూడోది, రాత్రే బండిని వాలు మీద నిలిపి ఉదయం దొర్లించి గేరు వేయడం. మొదటిదానితో చల్లటి ఇనుము చిట్లవచ్చు, రెండోదానితో బండే తగలబడవచ్చు. మూడోదానికి వాలు కావాలి. దక్షిణ గుజరాత్ మైదానంలో కాలువ గట్టు తప్ప వాలు దొరకడం కష్టమే.

వీటికి తోడు ఇప్పుడు నాలుగో వైద్యం ఊరిస్తోంది. విదేశాల్లో బంధువులు లేని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. అమెరికా పొలాల్లో ట్రాక్టర్ ముందు జాలీ నుంచి వేలాడే కరెంటు వైరు, దాన్ని ప్లగ్గులో పెట్టి నిశ్చింతగా నిద్రపోయే రైతు ఫోన్లో వీడియోగా కనబడుతున్నారు. వస్తువు చూస్తే సూట్‌కేసులో పట్టేంత. పేరు కూలెంట్ హీటర్. ఇంజన్ చుట్టూ ఉండే నీటిని కరెంటుతో వెచ్చబెట్టే పరికరం. దాన్ని పాత ట్రాక్టర్‌కు బిగించవచ్చా? బిగించవచ్చు. సూరత్‌లో బిగించాలా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పుకునే ముందు అది ఎక్కడ పుట్టిందో చూడటం మంచిది.

అమెరికాలో ఉత్తర డకోటా రాష్ట్రంలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 20 డిగ్రీలు. ఇంజన్ ఆయిల్ జున్నులా గడ్డకట్టే చలి. అక్కడ ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన 1940ల్లో ఇంజన్ హెడ్‌కు ఉండే బోల్టుల్లో ఒకదాన్ని తీసి, ఆ స్థానంలో కరెంటుతో వేడెక్కే బోల్టును బిగించే ఉపాయం కనిపెట్టారు. 1949లో పేటెంట్ వచ్చింది. ఇందులో ఆసక్తికరమైన సంగతి ఆయన ఉద్యోగం. ఫ్రీమన్ గ్రామీణ విద్యుత్ సహకార సంఘాన్ని నడిపిన మనిషి. 1930ల మధ్య దాకా అమెరికా పల్లెల్లో అత్యధిక భాగానికి కరెంటు లేదు. ప్రైవేటు కంపెనీలు లాభం లేదని తీగలు వేయలేదు. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టి సహకార సంఘాలకు రుణాలిస్తే గానీ పొలానికి వెలుగు రాలేదు. ఆ వెలుగు వచ్చాకే ట్రాక్టర్‌కు కుంపటి వచ్చింది. కొట్టంలో రాత్రంతా నమ్మకంగా కరెంటు లేని చోట ఇలాంటి వస్తువును ఎవరూ కనిపెట్టరు, కనిపెట్టినా ఎవరూ కొనరు.

గుజరాత్‌కు ఈ కథ పూర్తిగా పరాయిది కాదు. 2003లో మొదలుపెట్టి 2006 నాటికి పూర్తిచేసిన జ్యోతిగ్రామ్ పథకం కింద రాష్ట్రంలో ఊరికి వెళ్లే లైనును, వ్యవసాయ మోటార్లకు వెళ్లే లైనును వేరుచేశారు. ఊరికి 24 గంటలు, పొలానికి వంతులవారీగా 8 గంటలు. పగలు, రాత్రి మారుతూ వచ్చే ఆ వంతు మీద రైతుల విసుగు చాలా ఏళ్లు వినిపించింది. 2020లో ప్రకటించిన కిసాన్ సూర్యోదయ పథకం పొలానికి ఉదయం 5 నుంచి రాత్రి 9 మధ్యే కరెంటు ఇవ్వాలన్నది. మంచిదే. కానీ హీటర్‌కు పని పడేది ఆ వేళకు ముందే. అంటే బండి ఊళ్లో ఇంటి ముందు ఉంటే ప్లగ్గు పనిచేస్తుంది, బోరు దగ్గర షెడ్డులో ఉంటే పనిచేయదు.

ఇక బిగింపు సంగతి. పాత ట్రాక్టర్లకు హీటర్లు ప్రధానంగా మూడు రకాలు. ఇంజన్ పోతపోసేటప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలిన గుండ్రటి రంధ్రాలను రేకు బిళ్లలతో మూస్తారు. మెకానిక్కులు కోర్ ప్లగ్ అనేవి ఇవే. అలాంటి బిళ్ల ఒకటి తీసి ఆ రంధ్రంలో కూర్చోబెట్టేది మొదటి రకం. రేడియేటర్ అడుగు నుంచి ఇంజన్‌కు వెళ్లే హోస్ పైపును కోసి మధ్యలో అతికేది రెండోది. ఇంజన్ పక్కన చిన్న డబ్బాలా వేలాడుతూ, అడుగు నుంచి చల్లటి నీళ్లు తీసుకుని పైకి వేడినీళ్లు పంపేది మూడోది. మొదటిదానికి రంధ్రం కొలత అచ్చంగా సరిపోవాలి. ఈ విషయంలో మన పాత బండ్లు కొన్ని అదృష్టవంతమైనవి. మాసీ 1035లోని సింప్సన్ ఇంజన్ మూలం బ్రిటన్ పెర్కిన్స్‌ది. బి-275 ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంతానం. హెచ్‌ఎంటీ, హిందుస్తాన్‌లకు చెక్ దేశపు జెటోర్ పుట్టిల్లు. ఈ వంశాలు చలి దేశాల్లోనూ తిరిగాయి కాబట్టి వాటికి తగిన హీటర్లు అక్కడ దొరుకుతాయి. ఐషర్ పాత మోడళ్లలో కొన్నింటికి మాత్రం ఈ మాటే వర్తించదు. అవి గాలితో చల్లబడే ఇంజన్లు. వెచ్చబెట్టడానికి లోపల నీళ్లే ఉండవు.

పని క్రమం కష్టమైనది కాదు, ఓపిక కావాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, కింది డ్రైన్ కాక్ తిప్పి నీరంతా దించేయాలి. ముప్పయ్యేళ్ల బండిలోంచి వచ్చేది నీరు కాదు, ఎర్రటి తుప్పు ముద్ద. అది తేటగా వచ్చేదాకా కడగాల్సిందే. పాచి పట్టిన ఇంజన్‌లో హీటర్ కడ్డీ చుట్టూ సున్నం పొర కడుతుంది. వేడి నీటికి చేరక కడ్డీ మాడిపోతుంది. కోర్ ప్లగ్‌ను ఒక అంచున సుత్తితో కొడితే అడ్డం తిరుగుతుంది, పట్టకారుతో లాగేయవచ్చు. అంచులను తుప్పు లేకుండా గీకి, రబ్బరు రింగుకు కాస్త తడి రాసి హీటర్‌ను నిటారుగా కూర్చోబెట్టాలి. కడ్డీ లోపలి గోడకు తగలకూడదు. తగిలితే ఆ చోటే కాలిపోతుంది. డబ్బా రకమైతే హోస్ పైపులు కింది నుంచి పైకి ఎక్కడా వంపు లేకుండా ఎక్కుతూ పోవాలి. మధ్యలో వంపు ఉంటే గాలి చిక్కుకుంటుంది, నీరు కదలదు. ఆ తర్వాత కూలెంట్ నింపి, ఇంజన్ నడిపి, గాలి బుడగలు పోయాక మళ్లీ నింపి, ఎక్కడా కారడం లేదని తేలాకే ప్లగ్గు పెట్టాలి. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కరెంటు ఇచ్చినా హీటర్ చెత్తబుట్టకే. వైరు ఫ్యానుకు, సైలెన్సర్ గొట్టానికి దూరంగా కట్టాలి. స్టార్ట్ చేసే ముందు ప్లగ్గు తీయడం మరిచిపోయి గోడలోంచి సాకెట్‌ను పీకిన ఘనులు చలి దేశాల్లో కొదవ లేదట.

ఖర్చు భయం అక్కర్లేదు. చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. 10 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 0.3 యూనిట్ కరెంటు, 200 కిలోల పోత ఇనుమును అంతే వేడెక్కించడానికి 0.65 యూనిట్ చాలు. గాలిలో కలిసిపోయే వేడిని కలుపుకున్నా వెయ్యి వాట్ల హీటర్ రెండు గంటలు పనిచేస్తే సరిపోతుంది. రాత్రంతా పెట్టి ఉంచడం వృథా.

భయపడాల్సింది మరోచోట. అమెరికాలో ఇళ్లకు వచ్చే మామూలు సాకెట్ కరెంటు 120 వోల్టులు. మన దగ్గర 230. ఆ దేశపు వెయ్యి వాట్ల హీటర్‌ను తెచ్చి ఇక్కడ కలిపితే అది 3,600 వాట్లకు పైగా లాగుతుంది. వోల్టేజీ రెట్టింపుకు చేరువైతే వాట్లు నాలుగు రెట్లకు చేరువవుతాయి మరి. కడ్డీ కాలిపోతే అదృష్టం, వైరు అంటుకుంటే ఎదురుగా డీజిల్ ట్యాంకు ఉంటుంది. రెండోది ఇంకా తీవ్రమైనది. ట్రాక్టర్ నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. హీటర్ కడ్డీ లోపల చిట్లి కరెంటు బాడీకి తగిలితే ఆ కరెంటు భూమిలోకి పోయే దారి ఉండదు. తెల్లవారుజామున మంచుకు తడిసిన నేల మీద ఒట్టికాళ్లతో నిలబడి బానెట్ మీద చెయ్యి వేసిన మనిషే ఆ దారి అవుతాడు. బోరు మోటారు స్టార్టర్ దగ్గర రైతుల ప్రాణాలు ఎలా పోతున్నాయో తెలుగు జిల్లాల వాళ్లకు వివరించనక్కర్లేదు. మూడో పిన్ను నిజంగా భూమికి కలిసి ఉందా, 30 మిల్లీ యాంపియర్ల తేడా వస్తే కరెంటు తెంచేసే బ్రేకర్ ఉందా అని చూడకుండా ట్రాక్టర్‌ను గోడ సాకెట్‌కు కలపడం దుస్సాహసం. చాలా పాత ఇళ్లలో మూడో రంధ్రం అలంకారమే.

ఇంత చేసి సూరత్ రైతుకు దక్కేదేమిటి? అసలు ప్రశ్న ఇదే. సూరత్‌లో జనవరి తెల్లవారుజామున కూడా సాధారణంగా పాదరసం 10 డిగ్రీల పైనే ఉంటుంది. కుదురైన డీజిల్ ఇంజన్‌కు అది చలే కాదు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. రింగులు అరిగి గాలి జారిపోతే ఆ వేడి పుట్టదు. బ్యాటరీ నీరసించి ఇంజన్ నెమ్మదిగా తిరిగినా పుట్టదు. కాబట్టి 12 డిగ్రీల దగ్గర మొరాయించే ట్రాక్టర్‌కు చలి జబ్బు లేదు, ఉన్న జబ్బును చలి బయటపెడుతోంది, అంతే. హీటర్ పెడితే బండి స్టార్ట్ అవుతుంది, జబ్బు దాగిపోతుంది. జ్వరం బిళ్ల వేసి టైఫాయిడ్‌ను దాచినట్టు.

జబ్బు ఏమిటో పొగే చెబుతుంది. సెల్ఫ్ కొడుతున్నా సైలెన్సర్ నుంచి పొగే రాకపోతే డీజిల్ లోపలికి చేరడం లేదని, పైపులో గాలి చిక్కిందని అనుకోవాలి. పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ వస్తే ఇంధనం చేరుతోంది, మండటం లేదు. ఇంజెక్టరో, రింగులో చూపించుకోవాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 9.6 కంటే కిందికి పడితే ముందు బ్యాటరీ సంగతి, దాని టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్ల బూజు సంగతి చూడాలి. మధ్యాహ్నం ఎండలోనూ మొండికేస్తే ఇక చలి మీద నింద వేయడం అన్యాయం. ఆయిల్ మరో చిక్కు. అలవాటు కొద్దీ ఒకే గ్రేడ్ చిక్కటి 40 నంబర్ ఆయిల్ పోసేవారు 15డబ్ల్యు-40కి మారితేనే చాలా బండ్లు పొద్దున్నే సులువుగా తిరుగుతాయి.

వేడి గురించి ఇంత చర్చలో నవ్వు తెప్పించే సంగతి ఒకటుంది. ఇంజన్‌ను వెచ్చగా ఉంచే పరికరం ప్రతి ట్రాక్టర్‌లోనూ తయారీలోనే వచ్చింది. దాన్ని మనమే పీకి పారేశాం. దాని పేరు థర్మోస్టాట్. నీరు 75 నుంచి 85 డిగ్రీల మధ్య ఒక స్థాయికి చేరేదాకా రేడియేటర్‌కు దారి మూసి ఉంచి, చేరాక తెరిచే చిన్న తలుపు అది. వేసవిలో ఒకసారి ఇంజన్ కాగితే, దోషం థర్మోస్టాట్‌ది కాకపోయినా, దాన్ని తీసేయడం సూరత్‌లోనైనా సూర్యాపేటలోనైనా రోడ్డు పక్క మెకానిక్ మొదటి చికిత్స. ఆ తర్వాత ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. పూర్తిగా మండని డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది, రింగులు అరుగుతాయి. అరిగిన రింగులతో కొన్నేళ్లకు జనవరి పొద్దున బండి మొరాయిస్తుంది. అప్పుడు హీటర్ కోసం అమెరికా బంధువుకు ఫోన్. థర్మోస్టాట్ ఖరీదు కొన్ని వందల రూపాయలు.

నీళ్ల కథా ఇలాంటిదే. గడ్డకట్టని చోట కూలెంట్ ఎందుకని అడుగుతారు. కూలెంట్ పని గడ్డకట్టకుండా ఆపడం ఒక్కటే కాదు. తుప్పును ఆపుతుంది, మరిగే స్థాయిని పెంచుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఓల్పాడ్ వైపు బోరు నీళ్లలో ఉప్పు పాలు ఎక్కువ. ఆ నీటిని ఏళ్ల తరబడి పోసిన రేడియేటర్ గొట్టాలు సగం మూసుకుపోతాయి. బండి వేసవిలో కాగుతుంది. కాగిందని థర్మోస్టాట్ తీస్తారు. గుండ్రంగా తిరిగి మళ్లీ అక్కడికే.

అలాగని వేడి దేశాల్లో కూలెంట్ హీటర్‌కు చోటే లేదనుకోనక్కర్లేదు. కరెంటు పోయిన క్షణాల్లో పూర్తి భారం ఎత్తుకోవాల్సిన ఆసుపత్రి జనరేటర్ల విషయంలో అమెరికా అగ్నిమాపక ప్రమాణాలు కూలెంట్‌ను 32 డిగ్రీలకు తగ్గకుండా నిలపాలంటాయి. 10 సెకన్లలో లోడు తీసుకోవాలన్నది అక్కడి నియమం. అణు విద్యుత్ కేంద్రాల్లో అత్యవసర డీజిల్ ఇంజన్లను ఎప్పుడూ వెచ్చగా ఉంచడం ప్రపంచమంతా ఉన్న పద్ధతి. అక్కడ బయట చలి ఎంతన్నది కాదు, వేచి ఉండే వ్యవధి లేకపోవడమే కారణం. చెరకు ట్రాక్టర్‌కు ఆ ఇబ్బంది లేదు. స్టార్ట్ చేసి కొద్ది నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి, ఆ తర్వాత ట్రాలీ తగిలిస్తే సరి. తెలుగు నేల మీద ఎక్కడైనా హీటర్ అవసరం గురించి మాట్లాడాలంటే ఆదిలాబాద్, కొమరం భీం జిల్లాలనో, విశాఖ మన్యంలోని లంబసింగినో తలుచుకోవాలి. కొన్ని శీతాకాలాల్లో అక్కడ 5 డిగ్రీల దాకా దిగుతుంది. అక్కడ కూడా మంచి బ్యాటరీ, పలచటి ఆయిల్ ఉన్న బండికి ఆ అవసరం రాదు.

సూరత్ పల్లెల్లో నిజమైన లోటు కుంపటి కాదు, పాత బండిని పట్టించుకునే వ్యవస్థ. ఐ-ఖేడూత్ పోర్టల్‌లో దరఖాస్తు పెడితే కొత్త ట్రాక్టర్ మీద సబ్సిడీ వస్తుంది. బ్యాంకు రుణమూ కొత్తదానికే సులువు. పాతది పొలంలో ఎన్నేళ్లు పనిచేసినా విధానపత్రాల్లో దాని ఊసు కనబడదు. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. హిందుస్తాన్ ట్రాక్టర్ల సంస్థ 1999లో మహీంద్రా చేతికి వెళ్లింది. కంపెనీలు పోయినా బండ్లు మిగిలాయి. వాటిని నడిపిస్తున్నది తాలూకా కేంద్రాల్లోని మేస్త్రీలే. వాళ్ల చేతిలో విద్య ఉంది. లేనిది సరైన థర్మోస్టాట్, కంప్రెషన్ కొలిచే గేజి, ఇంజెక్టర్ పరీక్షించే బల్ల. కోతకు ముఠాలను, రవాణాకు బండ్లను కుదుర్చుకోగల చక్కెర సహకార సంఘాలకు, సీజన్ మొదలయ్యే ముందు అక్టోబర్‌లో ఆ బండ్లకు ఒక తనిఖీ శిబిరం పెట్టడం పెద్ద బరువేమీ కాదు. బండి ఆగితే నష్టం రైతుకూ, కాంట్రాక్టరుకూ, తోటలో గడ నరికి కూర్చున్న కూలీకీ కూడా. ఆ కూలీకి ముట్టేది నరికిన టన్నుల లెక్కన.

ఇటు జహీరాబాద్‌లోని మహీంద్రా ఫ్యాక్టరీలో 2023 నుంచి ఓజా శ్రేణి చిన్న ట్రాక్టర్లు తయారవుతున్నాయి. అమెరికా, జపాన్ వంటి మార్కెట్లనూ దృష్టిలో పెట్టుకుని రూపొందించినవి అవి. వాటిలో ఏదైనా ఓడెక్కి ఫ్రీమన్ సొంత రాష్ట్రానికి చేరితే మొదటి శీతాకాలంలోనే దాని జాలీలోంచి కరెంటు వైరు వేలాడటం ఖాయం. బార్డోలీ రోడ్డు మీది పాత మాసీకి ముందుగా కావాల్సింది దాని టూల్‌బాక్సు అడుగున, తుప్పు పట్టిన నట్ల మధ్య, ఏ వేసవిలో పీకిందో గుర్తులేని ఆ థర్మోస్టాట్ స్థానంలో కొత్తది.